60 మీటర్ల బూమ్ అడిగే ముందు, అది నిలబడే నేల చూపించండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో పెద్ద నిర్మాణాలు చేపట్టిన బిల్డర్లకు, ప్రధాన కాంట్రాక్టర్లకు, వారి ప్రాజెక్టు మేనేజర్లకు

నమస్కారం.

నేను బూమ్ ప్లేసర్లు, అంటే మడతలు పడే పొడవైన పైపు చేయి (బూమ్) ఉన్న కాంక్రీట్ పంపు లారీలు, అద్దెకు నడిపేవాణ్ణి. రాత్రి పదిన్నర దాటాక మీ గేటు ముందుకు వచ్చి, నాలుగు కాళ్లు చాపుకొని, మడతలు విప్పి సెల్లార్ గుంత మీదుగా కాంక్రీట్ అందించే లారీల యజమానుల్లో ఒకణ్ణి. కొంతకాలంగా మీ దగ్గరి నుంచి వచ్చే ఎంక్వైరీల తీరు మారింది. ఇదివరకు 36 మీటర్ల బూమ్ ఉందా, 42 ఉందా అని అడిగేవారు. ఇప్పుడు 52 అడుగుతున్నారు. 60 తెప్పిస్తే ఏడాదికి సరిపడా పని ఇస్తామని ఆశ పెడుతున్నారు. పెద్ద యంత్రానికి పెద్ద అద్దె వస్తుంది కనుక నేను సంతోషించాలి. కానీ ఆ ఎంక్వైరీల్లో దేనిలోనూ యంత్రం ఎక్కడ నిలబడాలో ఒక్క ముక్క ఉండటం లేదు. ఆ ముక్క లేకుండా పొడవైన బూమ్‌లను మన నగరాలకు తెస్తే ఏమవుతుందో, ప్రమాదం జరిగాక కాకుండా ముందే చెప్పుకోవడం మంచిది.

మీలో చాలామందికి ఒక అపోహ ఉంది. టవర్లు ఎత్తు పెరుగుతున్నాయి కాబట్టి బూమ్ కూడా పొడవు పెరగాలని అనుకుంటున్నారు. కోకాపేట, నార్సింగిలలో యాభై అంతస్తులకు చేరుతున్న భవనాల ఎత్తుకూ, లారీ మీది బూమ్‌కూ సంబంధం తక్కువ. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున చూస్తే 36 మీటర్ల బూమ్ పన్నెండో అంతస్తుకు అందాలి. అందదు. ఆ 36 నేల నుంచి నిట్టనిలువుగా కొలిచిన అంకె. స్లాబు అవతలి అంచు దాకా కాంక్రీట్ పోయాలంటే బూమ్ ముందు పైకి లేచి, తర్వాత వంగి, అడ్డంగా సాగాలి. అలా చూస్తే ఐదారు అంతస్తులతో దాని పని ముగుస్తుంది. ఆ పైన పనిచేసేవి స్టేషనరీ పంపు, గోడకు బిగించిన నిలువు పైపు, లిఫ్టు కోర్‌తో పాటు పైకి ఎక్కుతూ పోయే ప్లేసింగ్ బూమ్. బుర్జ్ ఖలీఫాలో 2008లో కాంక్రీట్‌ను 606 మీటర్ల ఎత్తుకు నెట్టింది కూడా నేల మీద కదలకుండా కూర్చున్న పంపే. మీ నలభయ్యో అంతస్తు కోసం నన్ను 60 మీటర్ల బూమ్ అడిగితే నేను చేయగలిగింది ఏమీ లేదు.

పొడవు నిజంగా అక్కరకు వచ్చేది కింద, రాఫ్టులోనూ (గుంత అడుగంతా పరిచే పునాది స్లాబు) పోడియంలోనూ (టవర్ కింద వెడల్పుగా ఉండే దిగువ అంతస్తులు). భూమి ధరలు పెరిగేకొద్దీ సెల్లార్లు లోతయ్యాయి. నాలుగు సెల్లార్లంటే సుమారు పదిహేను మీటర్ల గుంత. దాన్ని వీలైనంత మేర హద్దు దాకా తవ్వుతారు. గుంత అంచుకూ కాంపౌండు గోడకూ మధ్య మిగిలేది ఒక ఇరుకు దారి. ఆ దారిలోనే కాంక్రీట్ తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్లు రావాలి, స్టీలు దిగాలి, సెక్యూరిటీ వారి రేకుల గది ఉండాలి, నా పంపు కూడా అక్కడే నిలబడాలి. గుంత ఎంత లోతు ఉంటే అంచుకు అంత దూరంలో నిలబడాలనేది మా వృత్తిలో మోటు లెక్క. గుంత అంచు కూలకుండా షోరింగ్ (షోర్ పైలింగో సాయిల్ నెయిలింగో) చేసి, పంపు చాపే కాళ్ల, అంటే జాకీల బరువును కూడా లెక్కలోకి తీసుకుని డిజైన్ చేసిన చోట ఇంకా దగ్గరికి జరగవచ్చు. మరి ఆ డిజైన్ చేసిన ఇంజినీరుకు పంపు వస్తుందని ఎవరైనా చెప్పారా? నేను చూసిన షోరింగ్ డ్రాయింగుల్లో పక్క రోడ్డు మీది వాహనాల బరువు ఉంటుంది, పక్కింటి పునాది ఉంటుంది. బూమ్ ప్లేసర్ మాత్రం ఉండదు.

ఇప్పుడు లెక్క చూడండి. 36 మీటర్ల బూమ్ అడ్డంగా అందేది సుమారు 32 మీటర్లు. పదిహేను మీటర్ల గుంతకు పదిహేను మీటర్లు వెనక్కి నిలబడితే రాఫ్టు లోపలికి చేరేది పదిహేడే. అందుకే మీకు 52 గుర్తుకు వస్తోంది. అయితే 52 మీటర్ల యంత్రం కాళ్లు కూడా పెద్దవి. మోడల్‌ను బట్టి కొద్దిగా మారినా, 36కు ఆరేడు మీటర్ల వెడల్పు సరిపోతే 52కు తొమ్మిది, పది మీటర్లు కావాలి. అంత వెడల్పు మీ దారిలో లేదు. అప్పుడు సైట్ ఇంజినీరు చెప్పే మాట ఏ సైటులోనైనా ఒకటే: "ఒక పక్క జాకీలు పూర్తిగా చాపకండి, సగం చాలు." వెనక్కి నిలబడటానికి పొడవైన బూమ్ తెప్పించి, అది పట్టే చోటు లేక దాన్ని అంచుకు తెచ్చి, పైగా సగం కాళ్ల మీద నిలబెట్టడం. చిన్న బూమ్‌తో లేని ప్రమాదాన్ని పెద్ద అద్దె ఇచ్చి కొనుక్కోవడం ఇది.

పొడవు పెరిగితే బరువు ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి. గాలం కర్ర ఎంత పొడవైతే దాని చివర ఉన్న చేప, కర్ర పట్టుకున్న చేతిని అంత లాగుతుంది. బూమ్ మీది పైపు లోపలి వ్యాసం 125 మిల్లీమీటర్లు. అందులో మీటరుకు పన్నెండు లీటర్లకు పైగా, అంటే ముప్పై కిలోలకు కాస్త తక్కువ కాంక్రీట్ ఉంటుంది. 32 మీటర్లు చాపితే దాదాపు టన్ను, 55 మీటర్లు చాపితే టన్నున్నర దాటుతుంది. బరువు పెరిగింది రెండింతల లోపే. కానీ అది దూరంగా కూడా జరిగింది కనుక, ఒక్క కాంక్రీట్ వల్లే లారీని బోర్లా తిప్పే శక్తి సుమారు మూడు రెట్లవుతుంది. ఉక్కు బరువు, చివర వేలాడే రబ్బరు గొట్టం (హోస్) బరువు దీనికి అదనం. ఆ మొత్తాన్ని మోసేది బూమ్ తిరిగిన వైపున్న ఒకటో రెండో జాకీలు. ఒక జాకీ మీద 25 టన్నులు పడిందనుకుందాం. దాని కింది పళ్లెం అర మీటరు చదరం ఉంటే చదరపు మీటరుకు 100 టన్నుల ఒత్తిడి. అదే బరువును మీటరున్నర చదరం ఉన్న గట్టి దుంగల పలక మీద పరిస్తే పదకొండు టన్నులకు దిగుతుంది. ఆ దుంగలు నేను తెస్తాను, అది నా పని. వాటి కింద ఏముందో చెప్పవలసింది మీరు.

ఏముందో చాలాసార్లు మీకే తెలియదు. హైదరాబాద్‌లో రాయి గట్టిదే. కానీ అంచు దగ్గర మేం నిలబడే చోట ఉండేది ఆ రాయి కాదు. తవ్వి తీసిన మట్టి, పేల్చిన రాళ్ల ముక్కలు, పగిలిన ఇటుకలు గుమ్మరించి, పైన రెండు సార్లు జేసీబీ తిప్పి చదును చేసిన నేల అది. కింద పాత డ్రైనేజీ గొట్టమో, ఎప్పుడో పూడ్చిన నీళ్ల సంపో ఉండవచ్చు. రిటైనింగ్ గోడ కట్టాక వెనక నింపిన మట్టి మీద నిలబెడితే, కుంగడం ఒక్కటే సమస్య కాదు, ఆ బరువు పక్కకు తిరిగి గోడనే నెడుతుంది. అమరావతి వైపు వెళితే నల్లరేగడి. వేసవిలో రాయిలా ఉంటుంది, ఒక వాన పడితే జాకీ కిందికి దిగుతూనే ఉంటుంది. ఆపరేటర్ లెవెల్ చూసి సరిచేస్తాడు, పావుగంటలో మళ్లీ దిగుతుంది. రాజధాని పనులు మళ్లీ జోరందుకున్నాయి కనుక ఈ మాట అక్కడి కాంట్రాక్టర్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

నగరానికి పడమర ఒక సైటులో, పేరెందుకు గానీ, సగం రాఫ్టు పడ్డాక ముందు జాకీ కింద నేల నెర్రెలు విచ్చింది. మా ఆపరేటర్ బూమ్‌ను గుంత మీద నుంచి వెనక్కి తిప్పి మడిచేశాడు. అప్పటికే ఎనిమిది మిక్సర్లు వరుసలో ఉన్నాయి. రెడీమిక్స్ కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం మిక్సర్‌లో నింపిన రెండు గంటల్లో కాంక్రీట్ దించాలి. మేనేజరు గారి కోపం నాకు అర్థమైంది, పోయిన డబ్బు చిన్నది కాదు. కానీ ఆయన చేసింది ఏమిటంటే నేల పరీక్షించే మనిషిని పిలవడం కాదు, ఇంకో పంపు యజమానికి ఫోను చేయడం. తెల్లవారేలోపు అదే నెర్రెల పక్కన, రెండు గజాల దూరంలో మరో బూమ్ ప్లేసర్ నిలబడింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అందరికీ పాఠంగా మిగిలింది, నన్ను భయపెడుతున్నదీ అదే.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. పగలు భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి, ఎండకు కాంక్రీట్ త్వరగా బిగుసుకుంటుంది. అందుకని పెద్ద పోతలన్నీ రాత్రికే పడుతున్నాయి. రాత్రి వీధి పక్కన 11 కేవీ కరెంటు తీగ కనిపించదు. ఫ్లడ్‌లైట్లు గుంతలోకి తిప్పి ఉంటాయి, తీగ వాటి వెనక చీకటిలో ఉంటుంది. బూమ్ తీగను తాకనక్కర లేదు, దగ్గరికి వెళ్లినా చాలు. షాక్ తగిలేది ముందుగా చివర తడి హోస్ పట్టుకుని తడి స్టీలు మీద నిలబడ్డ మనిషికి. అమెరికాలో బూమ్‌కూ కరెంటు తీగకూ మధ్య కనీసం 20 అడుగుల ఎడం పాటిస్తారు. మన వీధుల్లో 52 మీటర్ల బూమ్ మడతలు విప్పేటప్పుడు ఆ ఎడం దొరకాలంటే తీగనైనా జరపాలి, పంపునైనా జరపాలి, లేదా ఆ పూట లైన్ ఆపించాలి. మూడూ ముందుగా చేయించవలసిన పనులే. మిక్సర్ గేటు దగ్గరికి వచ్చాక లైన్‌మన్ కోసం వెతికితే దొరకడు.

హోస్ పట్టుకునే మనిషి గురించి మీ సేఫ్టీ బోర్డుల మీద ఎక్కడా ఉండదు. అతను నా మనిషి కాదు, మీ మనిషీ కాదు, సెంట్రింగ్ మేస్త్రీ మనిషి. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి వారం అయి ఉంటుంది. పంపు మొదలుపెట్టేటప్పుడు, పైపు జామ్ అయ్యి మళ్లీ తెరుచుకునేటప్పుడు పైపులో చిక్కిన గాలి ఒక్కసారిగా బయటికి తన్నుతుంది. చివరి రబ్బరు హోస్ కొరడాలా విసురుతుంది. ఆ రెండు సందర్భాల్లో హోస్ ఊగగలిగినంత మేర ఎవరూ ఉండకూడదు. హోస్ చివర ఇనుప కప్లింగ్ ఉండకూడదు. పొడవు చాలడం లేదని ఇంకో ముక్క తగిలించకూడదు. ఇవన్నీ తయారీదారుల పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే ఉంటాయి. మా ఆపరేటర్ అరిచి చెబుతాడు. అతని తెలుగు హిందీ, ఇంజను చప్పుడు, అరవై మీటర్ల దూరం కలిస్తే ఏం చేరుతుందో ఊహించుకోండి. బూమ్ పొడవయ్యేకొద్దీ ఆపరేటరుకు హోస్ చివర కనిపించడం మానేస్తుంది. గుంత అడుగున మా వైపు చూస్తూ సైగలు చేసే మనిషి ఒకడు తప్పనిసరి. ఆ ఒక్క మనిషిని ఇవ్వమంటే మీ బడ్జెట్‌లో చోటు ఉండదు.

నిజానికి బూమ్ అనేది మనిషిని ప్రమాదానికి దూరంగా ఉంచే యంత్రం. 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతిన్నప్పుడు, ఇంధనం నిల్వ ఉన్న తొట్టి మీదికి నీళ్లు పోయడానికి 58 మీటర్ల కాంక్రీట్ పంపును వాడారు. మనిషి అడుగుపెట్టలేని చోటికి పైపు కొస చేరింది. ఆ తర్వాత 70 మీటర్ల పంపులను కూడా విమానాల్లో ఎక్కించి అక్కడికి పంపారు. పొడవు వల్ల వచ్చే అసలు లాభం అదే. మన దగ్గర అదే పొడవు కింద పదిహేను మందిని నిలబెట్టి పని చేయిస్తున్నాం.

ఇక పొడవైన బూమ్‌ల భవిష్యత్తు అంటారా. 2012లో చైనా సంస్థ జూమ్‌లియన్ ఏడు మడతలతో, కార్బన్ ఫైబర్ వాడి, 101 మీటర్ల బూమ్ చేసి గిన్నిస్ రికార్డు సాధించింది. దశాబ్దం దాటింది. మన వీధుల్లో తిరుగుతున్నవి మాత్రం ఇంకా 36, 42, 47లే. చేయలేక కాదు. పొడవు పెరిగితే ఇరుసులు పెరుగుతాయి. 60 దాటేసరికి లారీ బరువు 50 టన్నులకు అటూ ఇటూ చేరుతుంది. మన నిబంధనల ప్రకారం, 2018లో పెంచిన తర్వాత కూడా, ఒకే చట్రం ఉన్న వాహనానికి గరిష్ఠం 49 టన్నులు. పైగా అంత పెద్ద లారీ పుప్పాలగూడ సందుల్లో మలుపు తిరగదు. కీళ్లు పెరిగితే మోచేతి పైపులు పెరుగుతాయి, అరుగుదల అక్కడే ఎక్కువ. పలుకు ఎక్కువ ఉన్న ఎం-శాండ్‌తో (రాయిని నలిపి చేసే ఇసుక) ఇంకా త్వరగా అరుగుతాయి. పైపు మందం కొలిచి చూసుకోకపోతే ఎప్పుడు పగులుతుందో తెలియదు.

నా అంచనాలో రాబోయే మార్పు మీటర్లలో కంటే మెదడులో వస్తుంది. కొంత వచ్చేసింది కూడా. జాకీలు ఎంత చాచారో సెన్సర్లతో చూసుకుని, ఆ కాళ్లతో ఏ వైపు ఎంత దూరం చాపవచ్చో యంత్రమే నిర్ణయించి, దాటితే ఆగిపోయే పద్ధతి ఉంది. ఊపును అణిచే ఏర్పాటు ఉంది. ఒక్క లివర్‌తో కొసను నేరుగా నడిపిస్తే కీళ్లన్నీ వాటంతట అవే సర్దుకునే నియంత్రణ ఉంది. సైటులోని కరెంటుతో పంపింగ్ చేసే హైబ్రిడ్లు యూరప్‌లో అమ్ముతున్నారు. తాత్కాలిక కనెక్షను చాలక లిఫ్టుకు కూడా జనరేటరు పెట్టుకునే మన సైట్లకు అది ఇప్పట్లో పనికివస్తుందని నేను అనుకోను. సెన్సర్ల యంత్రాలు మాత్రం రావాలి, తెస్తాను. అయితే ఒక సంగతి ముందే చెప్పేస్తున్నాను. సగం చాచిన జాకీలతో అవతలి వైపుకు తిప్పమంటే ఆ యంత్రం తిరగదు. అప్పుడు "ఆ సెన్సర్ వైరు తీసేయండి, ఈ ఒక్క రాత్రికి" అని అడుగుతారు. ఇప్పటికే అడుగుతున్నారు, తీసేసే ఆపరేటర్లూ ఉన్నారు. కోట్ల రూపాయలు పెట్టి కొన్న తెలివిని ఒక చిన్న వైరు ముక్కతో పోగొట్టడానికి కొత్త యంత్రం ఎందుకు?

దీని వెనక మీరు మాకు కట్టే డబ్బు తీరు ఉంది. క్యూబిక్ మీటరుకు ఇంత అని కడతారు. నేల చూసుకోవడానికి, దుంగలు పరచడానికి, తీగ ఎంత దూరమో కొలవడానికి పట్టే గంటకు రూపాయి రాదు. పోత ఆపితే ఆ రాత్రి సంపాదన పోతుంది. ఆపరేటరుకు బత్తా కూడా ఆ కొలత మీదే కట్టే యజమానులు మా వారిలో చాలామంది. అలాంటి ఏర్పాటులో 'ఆపుతాను' అనగలిగే ఆపరేటర్ అరుదు. రోజుకు లేదా గంటకు అద్దె, దాని మీద పోసిన కొలతకు కొంత అనే పద్ధతికి రండి. నిలబెట్టే సమయాన్ని పని సమయంగా లెక్కించండి. భద్రత కారణంగా ఆపరేటర్ ఆపితే ఆ రాత్రి నష్టాన్ని ఎవరు ఎంత భరించాలో వర్క్ ఆర్డరులోనే రాసుకుందాం. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది. ఏ చట్టం కింద అయినా, ప్రమాదం జరిగాక మీ పేరూ నా పేరూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో విల్‌షైర్ గ్రాండ్ టవర్ పునాదికి 2014 ఫిబ్రవరిలో ఒక్క రోజు కూడా పూర్తికాకముందే 16 వేల క్యూబిక్ మీటర్లకు పైగా కాంక్రీట్ పోశారు. వంద మీటర్ల బూమ్‌లు తెప్పించి కాదు. వీధులు మూయించి, గుంత చుట్టూ పంపులను వరుసగా నిలిపి పోశారు. మన నగరాల్లో నాలుగైదు పంపుల రాఫ్టుకు కూడా ఆ ఏర్పాటు ముందుగా జరగదు. వీధి మూయడానికి అనుమతి అడగడం కంటే పది మీటర్లు ఎక్కువ బూమ్ అడగడం మీకు తేలిక. ట్రాఫిక్ పోలీసులు, మున్సిపల్ అధికారులు ఒక్క రాత్రి వీధి ఇస్తే సగం చోట్ల 60 మీటర్ల అవసరమే పడదు. ఆ అనుమతి కోసం తిరగగలిగింది మీరు. పంపు యజమాని మాట అక్కడ ఎవరూ వినరు.

కాబట్టి నేను అడిగేది ఇది. తవ్వకం మొదలయ్యే ముందే, షోరింగ్ డిజైన్ చేసేటప్పుడే, పంపు నిలబడే చోట్లు డ్రాయింగులో గీయించండి. పెద్ద రాఫ్టుకు రెండు, పోడియంకు ఒకటి చాలు. జాకీకి 25, 30 టన్నులు పడతాయని మీ ఇంజినీరుకు చెప్పండి, ఖచ్చితమైన అంకె యంత్రం పుస్తకం నుంచి నేను ఇస్తాను. ఆ చోటును గట్టిగా దిమ్మిస చేయించి, పోత రోజు దాకా స్టీలు కుప్పలు, రేకుల షెడ్డులు లేకుండా ఖాళీగా ఉంచండి. తీగ ఉంటే ముందే విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టండి. అలా చేస్తే నూటికి సగం సైట్లలో 42 మీటర్లతోనే పని జరుగుతుంది, మీ అద్దె తగ్గుతుంది. మిగిలిన చోట్ల 52 నిజంగానే కావాలి, అప్పుడు అది నిలబడటానికి చోటు ఉంటుంది, నేను కూడా ధైర్యంగా అప్పు చేసి కొంటాను.

వచ్చే ఉగాది నుంచి మా దగ్గరికి వచ్చే ఎంక్వైరీలో మూడు సంగతులు ఉండాలి: సైటు నక్షా, గుంత లోతు, షోరింగ్ చేసిన ఇంజినీరు పేరు. అవి లేకుండా మీటర్లు మాత్రమే రాసి పంపితే రేటు పంపలేను. నక్షా పంపిన వారి సైటుకు నేనూ మా సీనియర్ ఆపరేటరూ పగటిపూట వచ్చి, చోటు చూసి, పంపు ఎక్కడ నిలబడాలో సున్నంతో గీత గీసి వెళతాం. దానికి డబ్బు తీసుకోం.

ఇట్లు,
హైదరాబాద్‌లోని ఒక బూమ్ ప్లేసర్ యజమాని